రక్తనాళాల చుట్టూ కొవ్వు: ఆడవాళ్లకు మగవాళ్ల గీత పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

పొట్ట చుట్టూ పేరుకునే కొవ్వు గురించి పత్రికలు తరచూ రాస్తూనే ఉన్నాయి. కాలేయంలో కొవ్వు గురించి కూడా ఈమధ్య బాగానే వస్తోంది. రక్తనాళాన్ని అంటిపెట్టుకుని ఉండే కొవ్వు ఊసు మాత్రం ఎక్కడా కనిపించదు. మెటబాలిక్ సిండ్రోమ్ (నడుము, షుగరు, బీపీ, రక్తంలో కొవ్వులు కలిసి గాడి తప్పే స్థితి) వచ్చినప్పుడు ఆ కొవ్వు చెడిపోయే తీరు ఆడవాళ్లలో ఒకలా, మగవాళ్లలో ఇంకోలా ఉంటుందన్న సంగతి డాక్టర్ల మాటల్లో కూడా అరుదుగానే వినిపిస్తుంది. దీన్ని పట్టించుకోకపోవడం వల్ల ఊళ్లలో, క్లినిక్‌లలో రోజూ జరిగే మామూలు పరీక్షల్లో కొన్ని పొరపాట్లు దొర్లుతున్నాయి. వాటిని సరిదిద్దడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.

ముందు ఒక రిపోర్టు ఉందనుకోండి. వయసు 48. నడుము చుట్టుకొలత 84 సెంటీమీటర్లు. పరగడుపు షుగరు 104. రక్తంలో ఒక రకం కొవ్వయిన ట్రైగ్లిజరైడ్లు 140. మంచి కొలెస్ట్రాల్ అనుకునే హెచ్‌డీఎల్ 44. బీపీ 128/82. ఇది మగవాడి రిపోర్టయితే ఈ ఐదు కొలతల్లో గీత, అంటే ప్రమాద హద్దు, దాటింది షుగరు ఒక్కటే. ఆడమనిషిదైతే నడుము, షుగరు, హెచ్‌డీఎల్ మూడూ దాటాయి. ఐదింటిలో ఏ మూడు దాటినా మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టే లెక్క. ఆమె బరువు చూస్తే లావని ఎవరూ అనకపోవచ్చు. మందులేవీ వాడని మనిషి కావచ్చు. అయినా నిర్ధారణ ఖాయం.

ఈ గీతలు ఎక్కడివంటే, 1988లో అమెరికా వైద్య శాస్త్రవేత్త జెరాల్డ్ రీవెన్ ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, బీపీ, చెడిన కొవ్వులు ఒకే మనిషిలో గుంపుగా కనిపిస్తాయని చెప్పి దానికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరుపెట్టారు. ఆ తర్వాత ఒక్కో సంస్థ ఒక్కో నిర్వచనం రాసుకుంది. 2009లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తదితర సంస్థలు కూర్చుని ఒక మాట మీదికి వచ్చాయి. ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన, బీపీ 130/85 లేదా ఆపైన, పరగడుపు షుగరు 100 లేదా ఆపైన. ఈ మూడూ అందరికీ ఒకటే. మిగతా రెండు అలా కాదు. హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40 కన్నా తగ్గితే, ఆడవాళ్లకు 50 కన్నా తగ్గితే లోపం. నడుము దక్షిణాసియా వాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. అమెరికన్ పుస్తకాల్లో కనిపించే 102, 88 మనవి కావు. మన ఒంటికి అంతకన్నా సన్నని నడుము దగ్గరే షుగరు, బీపీ మొదలవుతాయి.

ల్యాబ్ రిపోర్టుల్లో తరచూ కనిపించే తప్పు ఇక్కడే ఉంది. హెచ్‌డీఎల్ పక్కన ‘40 పైన ఉండాలి’ అని ఒకే అంకె అచ్చువేసి అందరికీ ఇచ్చేస్తారు. 44 వచ్చిన ఆడమనిషి ఆ కాగితం చూసుకుని బాగానే ఉందనుకుంటుంది. రిపోర్టు నమూనాలో ఒక్క గడి మారిస్తే సరిపోయే పని ఇది.

ఇక అసలు కొవ్వు సంగతి. రక్తనాళం గోడకు మూడు పొరలని వైద్య విద్యార్థులు చదువుకుంటారు. బయటి పొరను ఆనుకుని, మధ్యలో తెర ఏదీ లేకుండా ఉండే కొవ్వును చాలాకాలం పొట్లం చుట్టిన కాగితంలాగే చూశారు. ప్రయోగశాలలో నాళాన్ని తీసినప్పుడు మొదట చేసే పని దాన్ని గీకి పారేయడం. 1991లో అమెరికాలో సోల్టిస్, కాసిస్ అనే ఇద్దరు ఎలుక మహాధమనిని కొవ్వుతో సహా ఉంచి పరీక్షించారు. కొవ్వు ఉన్న ముక్క, నాళాన్ని బిగించే నార్‌అడ్రినలిన్ అనే హార్మోన్‌కు తక్కువగా ముడుచుకుంది, గీకేసిన ముక్క ఎక్కువగా ముడుచుకుంది. 2002లో బెర్లిన్ పరిశోధకులు ఈ కొవ్వు నాళాన్ని సడలించే పదార్థమేదో విడుదల చేస్తోందని చూపించారు. అది ఒకటి కాదని తర్వాత తేలింది. అడిపోనెక్టిన్ (కొవ్వు కణాలు విడుదల చేసే హార్మోన్), నైట్రిక్ ఆక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, యాంజియోటెన్సిన్ 1-7 వంటివి అందులో ఉన్నాయి. ఇదే కొవ్వు నాళాన్ని బిగించేవాటినీ తయారుచేస్తుంది: యాంజియోటెన్సిన్ 2, సూపరాక్సైడ్, కీమెరిన్, కొన్ని ప్రోస్టాగ్లాండిన్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో సడలింపు వైపు మొగ్గుంటుంది.

మెటబాలిక్ సిండ్రోమ్‌లో ఈ మొగ్గు తిరగబడుతుంది. కొవ్వు కణాలు ఉబ్బుతాయి. వాటికి ఆక్సిజన్ సరిగా అందదు. మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు వచ్చి చేరి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు పెంచే పదార్థాలు విడుదల చేస్తాయి. అడిపోనెక్టిన్ పడిపోతుంది, సూపరాక్సైడ్ పెరిగి ఉన్న నైట్రిక్ ఆక్సైడ్‌ను కూడా తినేస్తుంది. 2009లో మాంచెస్టర్ పరిశోధకులు మనుషుల పిరుదుల దగ్గర చర్మం కింది సన్నని ధమనులను కొవ్వుతో సహా తీసి చూశారు. ఆరోగ్యవంతుల్లో కొవ్వు బిగింపును తగ్గించింది. ఊబకాయంతో పాటు మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో ఆ గుణం పూర్తిగా పోయింది. అదే బృందం బరువు తగ్గించే శస్త్రచికిత్స అయిన 6 నెలలకు మళ్లీ పరీక్షిస్తే గుణం తిరిగొచ్చింది. అప్పటికింకా ఆ మనుషులు బాగా లావుగానే ఉన్నారు. కొవ్వు ఎంతుందన్న దానికన్నా ఏ స్థితిలో ఉందన్నది ముఖ్యమని ఆ ఫలితం చెబుతోంది. ఆడా మగా తేడా కూడా ఇక్కడినుంచే అర్థమవుతుంది.

మగవాళ్లకు తిన్నది ఎక్కువైతే అది ముందు పేగుల చుట్టూ, గుండె చుట్టూ, మహాధమని చుట్టూ చేరుతుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో సీటీ స్కాన్‌తో కొలిస్తే ఛాతీలోని మహాధమని చుట్టూ కొవ్వు మగవాళ్లలోనే ఎక్కువ తేలింది. ఆ కొవ్వు ఎక్కువున్న కొద్దీ బీపీ, షుగరు, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా కనిపించాయి. ఆడవాళ్లలో నెలసరి ఉన్నంతకాలం ఈస్ట్రోజెన్ కొవ్వును తుంటి, తొడల వైపు పంపుతుంది. అక్కడ చర్మం కింద నిల్వ ఉండే కొవ్వు అంత హాని చేయదు. పైగా ఈస్ట్రోజెన్ నాళం లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ తయారీని పెంచుతుంది. అడిపోనెక్టిన్ ఆడవాళ్ల రక్తంలో మామూలుగానే ఎక్కువ. టెస్టోస్టెరాన్ దాన్ని తగ్గిస్తుంది కాబట్టి మగవాళ్లలో యవ్వనం వచ్చినప్పటినుంచే తక్కువ.

ఇంతవరకు విని ఆడవాళ్లకు రక్షణ ఉందని నిశ్చింతగా ఉంటే పొరపాటే. ఆ రక్షణ అంతా హార్మోన్ మీద, అడిపోనెక్టిన్ మీద నిలబడి ఉంది. మెటబాలిక్ సిండ్రోమ్ అడిపోనెక్టిన్‌ను దెబ్బకొడుతుంది, నెలసరి ఆగితే హార్మోన్ పోతుంది. మగవాడికి ముందునుంచీ తక్కువే ఉన్నది ఇంకాస్త తగ్గుతుంది, ఆడమనిషికి ఎక్కువ ఉన్నది బాగా తగ్గిపోతుంది. అందుకే నష్టం వాటా ఆమెకే పెద్దది. 2014లో 64 అధ్యయనాలు, 8,58,507 మంది వివరాలు కలిపి చూస్తే మధుమేహం వల్ల గుండె ధమనుల జబ్బు ముప్పు మగవాళ్లలో 2.16 రెట్లు, ఆడవాళ్లలో 2.82 రెట్లు అయింది. ఈ తేడా అంతా నాళం చుట్టూ కొవ్వు వల్లే అనడం తొందరపాటు. ఆడవాళ్లలో మధుమేహం ఆలస్యంగా బయటపడటం, బయటపడ్డాక కూడా మందులు తక్కువగా రాయడం ఇందులో కలిసి ఉన్నాయి. కానీ ఆ కొవ్వుకు ఇందులో పాత్ర లేదనడానికి వీల్లేదు.

నెలసరి ఆగే వయసులో ఏం జరుగుతుందో అమెరికాలో ‘స్వాన్’ అనే దీర్ఘకాల అధ్యయనం బాగా చూపించింది. ఆగిపోతున్న దశలోను, ఆగాక కూడా గుండె చుట్టూ కొవ్వు పెరిగింది. వయసు పెరగడం, ఒళ్లు చేయడం లెక్కలోంచి తీసేసినా ఆ తేడా మిగిలింది. ఈస్ట్రోజెన్ ఎంత పడిపోతే కొవ్వు అంత పెరిగింది. నెలసరి ఆగినవాళ్లలో గుండె పైపొర బయటి కొవ్వు ఎక్కువ ఉన్నవాళ్లకు గుండె ధమనుల్లో కాల్షియం కూడా ఎక్కువగా కనిపించింది. ఇంకో సంగతి: ఆడవాళ్లలో ఛాతీనొప్పి ఉండి కూడా యాంజియోగ్రామ్‌లో పెద్ద అడ్డంకులు కనబడని కేసులు ఎక్కువ. చాలాసార్లు జబ్బు సన్ననాళాల్లో ఉంటుంది. సన్ననాళం బిగుసుకోవడంలో, సడలడంలో చుట్టూ ఉన్న కొవ్వుకు కూడా పాత్ర ఉండొచ్చు. ‘యాంజియో నార్మల్, గ్యాస్ అయ్యుంటుంది’ అని పంపేసే ముందు డాక్టర్లు ఈ మాట గుర్తు చేసుకోవాలి.

ఇన్నాళ్లూ ఇది బయటపడకపోవడానికి ప్రయోగశాలల అలవాట్లే పెద్ద కారణం. ప్రయోగం ఇలా ఉంటుంది. ఎలుక మహాధమనిని సుమారు 2 మిల్లీమీటర్ల ఉంగరాలుగా కోస్తారు. సగం ఉంగరాలకు కొవ్వు ఉంచి, సగం వాటికి గీకేస్తారు. ఒక్కో ఉంగరాన్ని రెండు సన్నని తీగల మధ్య తగిలించి, 37 డిగ్రీల క్రెబ్స్ ద్రావణంలో (లవణాలు, గ్లూకోజ్ కలిపిన నీటిలో), 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు పంపుతూ బిగింపు కొలుస్తారు. ముందు పొటాషియం క్లోరైడ్ వేసి కండరం పనిచేస్తోందో లేదో చూస్తారు. తర్వాత ఫినైలెఫ్రిన్ వేసి బిగిస్తారు, ఎసిటైల్‌కోలిన్ వేసి సడలిస్తారు. ఎక్కడ చెడుతుందంటే, కొవ్వు గీకేటప్పుడు నాళం సాగి లోపలి పొర గీసుకుపోతుంది. అప్పుడు తేడా కొవ్వు వల్ల వచ్చిందో, గీత వల్ల వచ్చిందో తెలియదు. ఎసిటైల్‌కోలిన్‌కు సడలకపోతే లోపలి పొర దెబ్బతిందని అర్థం, ఆ ఉంగరాన్ని పక్కన పెట్టాల్సిందే. నార్‌అడ్రినలిన్ వాడితే దాన్ని కొవ్వు కొంత పీల్చేసుకుంటుంది, నాళానికి చేరేది తగ్గి సడలినట్టు భ్రమ కలుగుతుంది. ఛాతీలోని మహాధమని చుట్టూ ఉండేది గోధుమరంగు కొవ్వులాంటిది, వేడి పుట్టించేది. కడుపులోకి దిగేసరికి అది తెల్లకొవ్వుగా మారుతుంది. రెండు చోట్ల ఉంగరాలు కలిపేసి సగటు తీస్తే ఆ అంకెకు అర్థం లేదు.

వీటన్నింటికీ మించి, ఎక్కువగా వాడింది మగ ఎలుకలనే. ఆడ ఎలుకలకు 4–5 రోజుల రుతుచక్రం ఉంటుంది, ఫలితాలు చెదురుతాయన్నది సాకు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2016 నుంచి తన నిధులతో జరిగే జంతు పరిశోధనల్లో ఆడ, మగ తేడాను లెక్కలోకి తీసుకోవాలని షరతు పెట్టాక గాని పరిస్థితి మారలేదు. మారాక కొత్త పొరపాట్లు వచ్చాయి. ఎక్కువగా వాడే నల్ల ఎలుకల జాతిలో మగవి కొవ్వు మేతకు త్వరగా లావెక్కుతాయి, ఆడవి అంత సులువుగా ఎక్కవు. ఇద్దరికీ ఒకే మేత, ఒకే వారాలు పెట్టి ‘ఆడ ఎలుకల నాళాలకు ఏమీ కాలేదు’ అని రాస్తే, అది నాళాల గొప్ప కాదు, ఆ ఎలుకలకు అసలు జబ్బే రాలేదు. అండాశయాలు తీసేసిన పడుచు ఎలుక కూడా నెలసరి ఆగిన యాభై ఏళ్ల మనిషికి సరిపోలదు. హార్మోన్ ఒక్క రోజులో మాయమవడం వేరు, ఏళ్ల తరబడి తగ్గుతూ రావడం వేరు. గది 22 డిగ్రీలుంటే ఎలుకకు అది చలి. గోధుమరంగు కొవ్వు ఎప్పుడూ రాజుకునే ఉంటుంది. ఇలాంటి అధ్యయనాల సారాంశాలు పత్రికల్లో వార్తలైనప్పుడు జంతువు ఆడదా మగదా, వయసెంత అన్నది ఒక్క వాక్యం రాయమని మీ విలేఖరులను కోరుతున్నాం.

ఇప్పుడు మన రాష్ట్రాల సంగతికి వద్దాం. గర్భసంచి తీయించుకోవడంలో దేశంలోనే ముందు వరుసలో ఉన్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద 3.2 శాతం మందికి ఈ ఆపరేషన్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. అండాశయాలు ఉంచినా వాటికి వెళ్లే రక్తం కొంత తగ్గి, కొన్నేళ్లు ముందుగానే అవి అలిసిపోవచ్చు. మన దేశంలో సహజంగా నెలసరి ఆగేది సగటున 46–47 ఏళ్లకే. అంతకు పదేళ్ల ముందే ఆపరేషన్ అయినవాళ్లు పల్లెల్లో కొల్లలు. ఇంకో చిక్కు ఏమిటంటే గర్భసంచి లేనివాళ్లకు నెలసరి ఎటూ రాదు కాబట్టి అండాశయాలు ఎప్పుడు ఆగాయో వాళ్లకే తెలియదు. ఒళ్లు ఆవిర్లు, రాత్రిళ్లు చెమటలు కనిపిస్తే తప్ప ఎవరూ అనుమానించరు. ఆపరేషన్ కాగితం చాలామంది దగ్గర ఉండదు, అండాశయాలు ఉంచారా తీశారా అంటే చెప్పలేరు. డిశ్చార్జి కాగితం మీద ఆ ఒక్క మాట తెలుగులో రాసివ్వడం ఆసుపత్రుల బాధ్యత. దాచుకోవడం ఇంటివాళ్ల బాధ్యత.

30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నింపే సీబ్యాక్ ఫారంలో వయసు, పొగాకు, మద్యం, నడుము, వ్యాయామం, కుటుంబంలో జబ్బులు అనే ఆరింటికి మార్కులుంటాయి. 4 దాటితే ముందుగా పరీక్షలకు పంపాలి. నడుము మార్కులు అందులో ఆడా మగా వేరుగానే ఉన్నాయి. ఆడవాళ్లకు 80 వరకు సున్నా, 81–90కి 1, ఆపైన 2. మగవాళ్లకు 90 వరకు సున్నా, 91–100కి 1, ఆపైన 2. ఇది మెచ్చుకోవాల్సిన విషయమే. కానీ మార్కుల భాగంలో నెలసరి ఏ వయసులో ఆగింది, గర్భసంచి లేదా అండాశయాలు తీశారా, గర్భంతో ఉన్నప్పుడు షుగరు గాని బీపీ గాని వచ్చిందా అన్న ప్రశ్నలు లేవు. 45 ఏళ్లకు ముందే అండాశయాలు పోయినవాళ్లకు, కాన్పు సమయంలో గుర్రపువాతం (బీపీ పెరిగి వచ్చే ఫిట్లు) వచ్చినవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువన్నది కొత్త సంగతేమీ కాదు. ఈ మూడు ప్రశ్నలకు ఒక్కో మార్కు కలపమని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాం. గర్భంలో షుగరు వచ్చినవాళ్లకు కాన్పయిన 6 వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయాలని నిబంధన ఉంది. బిడ్డకు టీకా వేయించడానికి వచ్చే రోజే తల్లికీ ఆ పరీక్ష చేస్తే తప్పిపోదు. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) ఉన్న అమ్మాయిలకైతే నెలసరి ఆగేదాకా ఎదురుచూడక్కర్లేదు. మగ హార్మోన్లు ఎక్కువుండటం వల్ల వాళ్లకు కొవ్వు మగవాళ్ల తీరులోనే పొట్టకు చేరుతుంది, ఇరవైల్లోనే నడుము కొలిచి చూడాలి.

నడుము కొలవడం తేలికే అనుకుంటారు గాని ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. చీర మీదుగా కొలిస్తే కుచ్చిళ్ల మందం కలిసి నాలుగైదు మడతలు టేపులోకి వస్తాయి. లంగా బొందు కట్టిన చోట పడ్డ గాడిలో టేపు పెడితే అసలు కన్నా తక్కువొస్తుంది. సరైన చోటు ఇది: చివరి పక్కటెముక కింది అంచును వేలితో పట్టుకోండి, అదే పక్కన తుంటి ఎముక పైఅంచును పట్టుకోండి, రెంటికీ మధ్యలో పెన్నుతో చిన్న గుర్తు పెట్టండి. చాలామందికి అది బొడ్డు దగ్గర ఉండదు, ముఖ్యంగా పొట్ట జారినవాళ్లకు. బొందు వదులు చేయించి, చీర కాస్త పక్కకు తీయించి, టేపును ఆ గుర్తు మీదుగా నేలకు సమానంగా తిప్పండి. వెనకవైపు టేపు జారిందేమో వంగి చూడండి. కాళ్లు దగ్గరగా, చేతులు పక్కలకు వదిలేసి, మామూలుగా ఊపిరి వదిలిన చివరన అంకె చదవాలి. పొట్ట లోపలికి పీల్చమని ఎవరూ చెప్పరు, అయినా అందరూ పీలుస్తారు. ఏదో ఒకటి మాట్లాడిస్తే వదిలేస్తారు. టేపు చర్మాన్ని తాకాలి గాని నొక్కకూడదు. రెండుసార్లు కొలిచి, తేడా ఒక సెంటీమీటరు మించితే మూడోసారి కొలవాలి. గుడ్డ టేపులు వాడిన కొద్దీ సాగుతాయి, ఆర్నెల్లకోసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోవాలి. 79కీ 82కీ మధ్య ఒక మనిషి పరీక్షకు వెళ్లడమా మానడమా అన్నది తేలిపోతుంది కాబట్టి ఇంత పట్టింపు. ఆడవాళ్లను గదిలో, ఆడ కార్యకర్తే కొలవాలి. వైద్యశిబిరాల్లో అందరి ముందు వరుసలో నిలబెట్టి కొలిస్తే చీర మీదుగా తప్ప కొలవనివ్వరు.

మగవాళ్ల తప్పు వేరు. ప్యాంటు సైజు 34 అంటే నడుము 86 సెంటీమీటర్లే, గీత దాటలేదు అనుకుంటారు. ప్యాంటు కట్టేది పొట్ట కింద. పైన టేపు పెడితే 96 వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. నలభై దాటాక టెస్టోస్టెరాన్ తగ్గిందని చెప్పి ఇంజెక్షన్లు అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లవద్దు. పొట్ట పెరగడమే ఆ హార్మోన్ తగ్గడానికి తరచూ కారణం, పొట్ట తగ్గితే చాలామందికి అది కొంత కోలుకుంటుంది.

ఈ కొవ్వు బాగుపడుతుందా అంటే పడుతుంది. ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలు, పరీక్షల్లో తేడా కనిపిస్తుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని. వ్యాయామం చేయించిన జంతువుల్లో బరువు పెద్దగా తగ్గకపోయినా నాళం చుట్టూ కొవ్వులో వాపు తగ్గింది. నెలసరి ఆగిన ఆడవాళ్లకు నడక ఒక్కటే చాలదు. కండ కరిగిపోవడం ఆ వయసులో వేగం పుంజుకుంటుంది కాబట్టి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదేసిసార్లు మూడు విడతలు, గోడకు చేతులానించి తోయడం, నీళ్ల సీసాలు పట్టుకుని చేతులెత్తడం వంటివి కలపాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఉప్పు రోజుకు 5 గ్రాములు మించవద్దని చెప్పింది. పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ ఒకే పూట విస్తట్లో ఉంటే ఆ లెక్క మధ్యాహ్నానికే దాటిపోతుంది. అన్నం ఎక్కువ, పప్పు పలుచన అన్న పద్ధతి ఆడవాళ్ల విస్తట్లో ఇంకా ఎక్కువ, చివర తినేది వాళ్లే కాబట్టి.

ఈస్ట్రోజెన్ పోవడమే కారణమైతే మాత్రలు మింగితే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. 2002లో వెలువడిన అమెరికా ‘ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అధ్యయన ఫలితాల్లో ఆ రక్షణ కనిపించలేదు, ఆ తర్వాత గుండెను కాపాడటం కోసమని హార్మోన్లు ఇవ్వడం ఆగిపోయింది. మామూలు వయసుకు చాలా ముందే అండాశయాలు పోయినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు, వేరే అభ్యంతరాలు లేకపోతే, సహజంగా ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్లు ఇవ్వడం ఆమోదిత పద్ధతే. మన దగ్గర జరిగేది తలకిందులు: ఇవ్వాల్సిన ముప్పై అయిదేళ్ల మనిషికి ఎవరూ చెప్పరు.

నాళాల చుట్టూ కొవ్వుకు సీటీ స్కాన్ ఉందని తెలిశాక రేపో మాపో ‘ఫుల్ బాడీ’ ప్యాకేజీల్లో అదీ చేరుతుంది కాబట్టి దాని గురించి ఒక మాట. గుండె కుడి ధమనిలో మొదటి 10 మిల్లీమీటర్లు వదిలి తర్వాతి 40 మిల్లీమీటర్ల పొడవున, నాళం వ్యాసమంత దూరం వరకు చుట్టూ ఉన్న కొవ్వు సాంద్రత కొలుస్తారు. మైనస్ 190 నుంచి మైనస్ 30 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో సాంద్రత కొలిచే ప్రమాణం) మధ్య ఉన్నదాన్ని కొవ్వుగా లెక్కవేస్తారు. నాళం గోడలో వాపు ఉంటే పక్కనున్న లేత కొవ్వు కణాలు కొవ్వు నింపుకోలేవు, నీటిశాతం పెరిగి అంకె సున్నా వైపు జరుగుతుంది. 2018లో జర్మనీలోని ఎర్లాంగెన్, అమెరికాలోని క్లీవ్‌లాండ్ కేంద్రాలకు చెందిన 3,912 మంది స్కాన్లు చూసి ఆక్స్‌ఫర్డ్ బృందం మైనస్ 70.1 దగ్గర గీత గీసింది. ఆ గీతకు పైన ఉన్నవాళ్లలో గుండెజబ్బు మరణాలు ఎక్కువ. ఆ గీత ఆడా మగా అందరికీ ఒకటే, తర్వాత వచ్చిన లెక్కింపుల్లో వయసు, లింగం కలిపి సరిచేస్తున్నారు. అంకె స్కానర్ ట్యూబ్ వోల్టేజీని బట్టి మారుతుంది, 100 కిలోవోల్టుల దగ్గర తీసినదాన్ని 120 దగ్గర తీసినదానితో పోల్చకూడదు. రేడియేషన్ ఉంటుంది, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు కాంట్రాస్ట్ మందుతో ఇబ్బంది. లక్షణాలు లేనివాళ్లు దీనికోసం స్కాన్ తీయించుకోవద్దు. ఛాతీనొప్పికి డాక్టరు రాసి ఎలాగూ సీటీ యాంజియో తీయించుకున్నవాళ్లు మాత్రం ఆ సీడీని పారేయకుండా ఉంచుకోవాలి. కొవ్వు సాంద్రతను అదే స్కాన్ నుంచి తర్వాతయినా చదవొచ్చు, మళ్లీ తీయించుకోనక్కర్లేదు.

ఇట్లు,
రక్తనాళాల శాస్త్రం బోధిస్తూ, పరిశోధిస్తున్న కొందరు వైద్య అధ్యాపకులు